రౌతు కొద్దీ గుర్రమా, గుర్రం కొద్దీ రౌతా?

గుర్రం మీద మొదటిసారి కూర్చున్న మనిషికి భయం వేస్తే ఒళ్లు మూడు పనులు తనంతట తానే చేస్తుంది. నడుము ముందుకు వంగిపోతుంది. మడమలు గుర్రం డొక్కలకు బిగుసుకుంటాయి. చేతులు పగ్గాలను గుంజి పట్టుకుంటాయి. మనిషి ఉద్దేశం గుర్రం ఆగాలనే. కానీ రేసుల్లో పరిగెత్తి వచ్చిన గుర్రానికి ఈ మూడూ కలిస్తే ఒకటే అర్థం, దౌడు తీయమని. జాకీ కూర్చునేది ముందుకు వంగే. కాళ్ల ఒత్తిడి అంటే కదలమని. పగ్గాలు బిగిస్తే నోట్లోని కళ్లేనికి ఆనుకుని ఇంకా జోరందుకోవడం ఆ గుర్రానికి అలవాటు. అది వేగం పెంచేసరికి మనిషి ఇంకా గట్టిగా కరుచుకుంటాడు, అది ఇంకా పరిగెడుతుంది. కొత్తగా స్కూటీ నేర్చుకునేవాళ్లు కంగారులో బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్‌నే మెలిపెట్టేసినట్టు. కాకపోతే స్కూటీకి దాని సొంత భయాలంటూ ఉండవు.

మన దేశంలో ఇది ఊహించి చెప్పే సంగతేమీ కాదు. హైదరాబాద్ మలక్‌పేటలో, బెంగళూరులో, ముంబైలో, పుణెలో రేసు కోర్సులున్నాయి. ఇలాంటి ఊళ్ల చుట్టుపక్కల సవారీ నేర్పే క్లబ్బుల లాయాల్లోకి తొంగి చూస్తే రిటైరైన థరోబ్రెడ్ గుర్రాలు తప్పకుండా కనిపిస్తాయి. థరోబ్రెడ్ రెండేళ్ల వయసుకే పందేల్లోకి దిగుతుంది. చాలావాటి రేసు జీవితం ఐదారేళ్లు వచ్చేసరికే ముగిసిపోతుంది. ఆయుష్షు చూస్తే పాతికేళ్లు. ఆ మిగిలిన కాలమంతా అది ఏదో ఒకటి చెయ్యాలి కదా. తక్కువ ధరకు వస్తుంది, చూడ్డానికి ఎత్తుగా బాగుంటుంది, కాబట్టి క్లబ్బులు కొంటాయి. వేగం కోసమే తరతరాలుగా పుట్టించిన గుర్రం అలా వచ్చి పిల్లలకు సవారీ నేర్పే ఉద్యోగంలో చేరుతుంది. వాటిలో ఎన్నో ఈ పనిని ఓపిగ్గా చేస్తున్నాయంటే ఆ గొప్పతనం కొంత గుర్రానిది, కొంత దాన్ని మళ్లీ మొదటి నుంచి మలిచినవాళ్లది.

ఏ జాతి ఎవరికి పనికొస్తుందని అడిగితే నేను మొదట చూసేది ఒక్కటే. మీద ఉన్న మనిషి ఇచ్చే తప్పుడు సైగలను ఆ గుర్రం ఎంతవరకు పట్టించుకోకుండా ఊరుకోగలదు? కొత్తవాళ్ల కాళ్లూ చేతులూ నిమిషానికి పది అనవసరమైన కబుర్లు పంపుతూనే ఉంటాయి. అన్నిటికీ జవాబిచ్చే గుర్రం వాళ్లకు ప్రమాదం. చెయ్యి తిరిగిన రౌతుకు కావలసింది సరిగ్గా అలాంటి గుర్రమే. వేలు కదిపితే తిరగాలి, ఊపిరి వదిలితే నెమ్మదించాలి. అందుకే మంచి గుర్రం, చెడ్డ గుర్రం అని జాతులను వరసలో నిలబెట్టే పట్టికలు నాకు నచ్చవు.

గుర్రాలవాళ్లు జాతులను మూడు రకాలుగా చెబుతారు. అరబ్బీ, థరోబ్రెడ్ లాంటివి ‘వేడి రక్తం’. షైర్, పెర్షెరాన్, బెల్జియన్ లాంటి భారీ బండి గుర్రాలు ‘చల్లని రక్తం’. రెండూ కలిపి తయారుచేసిన హానోవేరియన్ లాంటి యూరప్ జాతులు ‘గోరువెచ్చని రక్తం’. థర్మామీటర్ పెడితే అన్నిటి ఒళ్లూ 38 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే ఉంటుంది. తేడా ఉన్నదల్లా ఉలికిపాటులో. పక్కన ప్లాస్టిక్ సంచి ఎగిరితే ఒకటి ముందు దూకి తర్వాత చూస్తుంది. ఇంకొకటి ముందు చూసి, అవసరమైతే అప్పుడు దూకుతుంది.

ఈ తేడా మనిషి అవసరాల నుంచి వచ్చింది. థరోబ్రెడ్ మగ గుర్రాల వంశం మొత్తం 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో తూర్పు దేశాల నుంచి ఇంగ్లండ్ చేరిన మూడు గుర్రాలకు చేరుతుంది. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ వాటి పేర్లు. ఈ జాతి వంశావళి పుస్తకం 1791లో మొదలైంది. అప్పటి నుంచీ పరీక్ష ఒక్కటే, గీత ముందు ఎవరు దాటారని. గీత దగ్గర నిలబడి ఓర్పుకు మార్కులు వేసినవాళ్లు లేరు. బండి గుర్రాల సంగతి వేరు. 900 కిలోల జంతువు బండితో సహా బెదిరి పరిగెడితే మనుషులు చచ్చిపోతారు. బెదురు గుర్రాన్ని ఏ రైతూ పిల్లల కోసం ఉంచుకోడు. అలా కొన్ని వందల ఏళ్లు ఏరగా ఏరగా నింపాదితనం మిగిలింది. అయితే ఆ నింపాది గుర్రాలు కూడా భయపడతాయి, ఆలస్యంగా. భయపడ్డాక ఆపడం ఇంకా కష్టం. పైగా అంత వెడల్పు వీపు మీద కాళ్లు చాపుకుని కూర్చోవడం కొత్తవాళ్ల తుంటికి సుఖం కాదు.

అమెరికా క్వార్టర్ హార్స్‌ది ఇంకో దారి. పావు మైలు, అంటే 400 మీటర్ల దూరంలో దానికి సాటి లేదు. ఆ పేరు అలాగే వచ్చింది. కానీ దాని అసలు కొలువు పశువుల మందల దగ్గర. గంటలకొద్దీ కదలకుండా నిలబడాలి, ఆవు తప్పించుకోగానే బాణంలా వెళ్లాలి, మళ్లీ వెంటనే చల్లబడాలి. చురుకు, చల్లదనం ఒకే ఒంట్లో ఇమిడిన జాతి కాబట్టే అక్కడ ఇంటిల్లిపాదీ ఎక్కే గుర్రమైంది. అరబ్బీ బలం దమ్ములో ఉంది. కాలిఫోర్నియా కొండల్లో 1955 నుంచి టెవిస్ కప్ అని ఒక పోటీ జరుగుతోంది. ఒక్క రోజులో 160 కిలోమీటర్లు వెళ్లాలి. గెలిచేవి ఎక్కువగా అరబ్బీలే. మనిషి ముఖం చదివే గుర్రమని దాని అభిమానులు అంటారు. ఆ సున్నితత్వం తేలిక చెయ్యి ఉన్నవాళ్లకు వరం, మొరటు చెయ్యికి నరకం.

ఇదంతా గుర్రాలవాళ్లు చెప్పుకునే మాటేనా, కొలిస్తే నిలుస్తుందా? బ్రిటన్‌లో 2008లో వచ్చిన ఒక అధ్యయనం ఎనిమిది జాతులకు చెందిన 1,223 గుర్రాల స్వభావాన్ని, వాటిని దగ్గరగా ఎరిగినవాళ్లకు ప్రశ్నావళి ఇచ్చి అంచనా వేసింది. జాతికీ జాతికీ పెద్ద తేడా కనిపించింది ఆందోళనలో, ఉద్రేకంలో. పెత్తనం చూపించే గుణంలో తేడా బాగా తక్కువ. అంటే ‘వేడి’, ‘చల్లన’ అన్న పాత మాటలు పూర్తిగా గాలి మాటలు కావు. అయితే ఇవి సగటులు. ఒకే జాతిలో రెండు గుర్రాల మధ్య తేడా రెండు జాతుల సగటుల తేడాను మించిపోవచ్చు. జపాన్ శాస్త్రవేత్తలు 2005లో అచ్చంగా థరోబ్రెడ్‌లనే తీసుకుని, మెదడులో డోపమైన్‌ను (అది ఒక రసాయనం) అందుకునే గ్రాహకాన్ని తయారుచేసే డీఆర్‌డీ4 అనే జన్యువును పరిశీలించారు. అందులో ఒక్క డీఎన్ఏ అక్షరం తేడాను బట్టి కొన్ని ఎక్కువ కుతూహలంగా, కొన్ని ఎక్కువ జాగ్రత్తగా ఉంటున్నాయని తేలింది. ఒకే వంశావళి పుస్తకంలో పేర్లున్న గుర్రాల సంగతే ఇది.

మనిషి గుర్రం మనసును ఏరుకోవడం జాతులు పుట్టకముందు నుంచే ఉంది. 2021లో పురాతన గుర్రాల ఎముకల డీఎన్ఏ చదివిన అంతర్జాతీయ బృందం, నేటి పెంపుడు గుర్రాల మూలం పడమటి యురేషియా గడ్డిమైదానాల్లో ఉందని, సుమారు 4,200 ఏళ్ల కిందట అవి అక్కడి నుంచి నలుదిక్కులా వ్యాపించాయని చూపించింది. ఆ గుర్రాల్లో గట్టిగా ఎంపికైన జన్యువులు రెండు. ఒకటి వీపు బలానికి సంబంధించినది, రెండోది భయాన్ని, మనఃస్థితిని అదుపు చేసే నాడీకణాలకు సంబంధించినది. మొయ్యగలగాలి, ఊరికే బెదరకూడదు. క్లబ్బులో గుర్రాన్ని ఎంచేవాళ్లు ఇవాళ చూసేదీ ఇదే.

జాతి తర్వాత లెక్కలోకి వచ్చేది గుర్రం చేసిన పని. ఇది చాలామంది మర్చిపోతారు. ఫ్రాన్స్‌లో మార్టిన్ హౌస్‌బర్గర్ బృందం 2009లో ఒకే చోట, ఒకే రకం కొట్టాల్లో ఉన్న 76 గుర్రాలను చూసింది. అన్నీ ఒకే జాతి. రోజూ ఒక గంట వాటితో ఏ పని చేయిస్తున్నారన్నదే తేడా. నిరంతరం పగ్గాల బిగువులో డ్రస్సాజ్, అంటే రౌతు సైగలకు కొలిచినట్టు అడుగులు వేసే విద్య, చేసే గుర్రాల్లో తల ఊపడం, గాలి మింగడం లాంటి ఒత్తిడి అలవాట్లు మిగతావాటికన్నా తీవ్రంగా కనిపించాయి.

దీనికి ఎదురు ఉదాహరణ మన వీధుల్లోనే ఉంది. హైదరాబాద్ బరాత్‌లో పెళ్లికొడుకును మోసే తెల్ల గుర్రాన్ని గమనించండి. చెవి పక్కనే బ్యాండు, కాళ్ల దగ్గర టపాసులు, కళ్లల్లో జనరేటర్ లైట్లు, మీద జీవితంలో ఎప్పుడూ గుర్రమెక్కని మనిషి. అయినా ఒక చెవి వెనక్కి తిప్పి, పట్టుకున్నవాడి మాట వింటూ నిలబడుతుంది. దాని వంశావళి ఎవరికీ తెలియదు, అక్కర్లేదు కూడా. ఏ శబ్దం వల్ల తనకు హాని లేదో అది ఏళ్ల తరబడి నేర్చుకుంది. ఇలా అలవాటు చేయడం మంచి చేతుల్లో జరగొచ్చు, క్రూరంగానూ జరగొచ్చు. కదలకుండా ఉన్న ప్రతి గుర్రం ప్రశాంతంగా ఉందనుకోకూడదు, కొన్ని విసిగి ఆశ వదులుకున్నవి.

మన దేశవాళీ జాతుల గురించి కొంచెం. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలను చెవులు చూసి పోల్చవచ్చు. లోపలికి వంగిన చెవుల కొసలు ఒకదాన్నొకటి తాకుతాయి. ఎండకు తట్టుకుంటాయి, చిన్న సైగకే స్పందిస్తాయి, మనిషిని గుర్తుపెట్టుకుంటాయి. కొత్తవాళ్లకు చిక్కు ఎక్కడ వస్తుందంటే, వీటిలో మగవాటికి సాధారణంగా విత్తులు తీయించరు. ఏ జాతిలోనైనా విత్తులున్న మగ గుర్రం ఆడ గుర్రం వాసన తగిలితే మీద ఉన్న మనిషిని మర్చిపోగలదు. సవారీ బడులు విత్తులు తీయించిన గుర్రాలను ఇష్టపడేది ఇందుకే. మణిపురీ పోనీ చిన్నది, గట్టిది, చటుక్కున మలుపు తిరుగుతుంది. నేటి పోలో ఆటకు పుట్టిల్లు మణిపుర్, అక్కడి ఆట చూసి ఆంగ్లేయులు 1859లో అస్సాంలోని సిల్చర్‌లో క్లబ్బు పెట్టుకున్నారు. లద్దాఖ్ జన్‌స్కారీ, హిమాచల్ స్పితి గుర్రాలు ఆక్సిజన్ పలచగా ఉన్న ఎత్తుల్లో రాళ్ల దారిలో తడబడకుండా నడుస్తాయి, వాటికి వేగంతో పని లేదు. దక్కన్ పీఠభూమికి సొంతమైనది భీమ్‌థడీ. మరాఠా సైన్యాల కాలం నుంచి పేరున్న ఈ పొట్టి గుర్రం ఇప్పుడు ధన్‌గర్ గొర్రెల కాపరుల సామాను మోస్తోంది. ప్రత్యేక జాతిగా అధికారిక గుర్తింపు ఈ మధ్యే వచ్చింది. మన రాజులు మాత్రం పెద్ద గుర్రాల కోసం సముద్రం వైపే చూశారు. మేలైన గుర్రాలను తెచ్చే దూరదేశపు వర్తకులను దగ్గర చేసుకోవాలని, అవి శత్రువు చేతికి పోకూడదని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగానే రాశాడు.

పాతకాలపు అశ్వశాస్త్రాలు స్వభావాన్ని సుడులను బట్టి చెప్పేవి. నుదుటి మీద ఫలానా చోట సుడి ఉంటే మేలు, ఫలానా చోట ఉంటే యజమానికి అరిష్టం. సుడి బాగాలేదని గుర్రాల సంతల్లో ఇప్పటికీ ధర తగ్గిస్తారు. నవ్వి వదిలేయాల్సిన సంగతే అనుకుంటాం గానీ, పోలండ్‌లో కోనిక్ జాతి గుర్రాలను 2007లో పరిశీలిస్తే నుదుటి సుడి బాగా పైకి ఉన్నవి లొంగదీయడానికి కాస్త కష్టంగా ఉన్నట్టు తేలింది. పిండంలో చర్మం, నాడీ వ్యవస్థ ఒకే పొర నుంచి ఏర్పడతాయి కాబట్టి సంబంధం ఉండొచ్చని ఊహ. అంతమాత్రాన సుడి చూసి గుర్రాన్ని కొనమని నేను చెప్పను. యజమాని అరిష్టానికైతే ఏ ఆధారమూ లేదు.

రౌతు సంగతికి వద్దాం. స్వీడన్‌లో లిండా కీలింగ్ బృందం 2009లో ఒక చిన్న ప్రయోగం చేసింది. మనుషులు గుర్రాన్ని నడిపిస్తూగానీ ఎక్కిగానీ ఒక చోటు నుంచి ఇంకో చోటుకు కొన్నిసార్లు అటూ ఇటూ తిరిగారు. మనిషికీ గుర్రానికీ గుండె వేగం కొలిచే పరికరాలు కట్టారు. చివరిసారి బయల్దేరే ముందు, ఈసారి మీరు వెళ్తుండగా పక్కన గొడుగు తెరుస్తామని మనిషికి చెప్పారు. గొడుగు తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, దాంతోపాటు గుర్రానిదీ పెరిగింది. గొడుగు మాట గుర్రానికి తెలిసే దారి లేదు. దానికి అందింది మనిషి టెన్షన్ ఒక్కటే, బహుశా పగ్గం పట్టిన తీరులోంచి, బిగిసిన తొడల్లోంచి. రౌతు కొద్దీ గుర్రం అన్న సామెతకు ఇంతకన్నా సూటి రుజువు నేను చూడలేదు. భయస్తుడికి ఉలికిపాటు జాతిని ఇస్తే ఇద్దరి గుండెలూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

కాబట్టి క్లబ్బుకు వెళ్లేవాళ్లు జాతి పేరుతో పాటు మరికొన్ని అడగాలి. వయసెంత? పదేళ్లు దాటిన గుర్రం చాలా లోకం చూసి ఉంటుంది. రేసులు మానేసి ఎన్నాళ్లయింది? ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడుతుందా? మొదటి పాఠాలు, గురువు మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని చుట్టూ తిప్పుతుండగా, చేతిలో పగ్గాలు లేకుండా చెబుతారా? అలా చెప్పే చోటు దొరికితే వదులుకోకండి. బరువు లెక్క కూడా ఉంది. జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదని సాధారణంగా పాటిస్తారు. 450 కిలోల థరోబ్రెడ్ అయితే 90, 300 కిలోల పోనీ అయితే 60. కుదుపుకు ఎగిరెగిరి పడే కొత్తవాడి 70 కిలోలు గుర్రం వీపుకు నిపుణుడి 70 కన్నా భారం.

ఇంకొకటి, దాణా. ఓట్స్, బార్లీ లాంటి పిండిపదార్థం ఎక్కువున్న దాణా తిన్న గుర్రాలు ఎక్కువగా ఉలికిపడతాయని, గడ్డి నుంచీ నూనె నుంచీ శక్తి అందుకునేవి నింపాదిగా ఉంటాయని ప్రయోగాల్లో తేలింది. రేసు రోజుల దాణానే తింటూ, వారపు సెలవంతా లాయంలో కట్టేసి ఉన్న గుర్రం ఆ మర్నాడు పొద్దున ఎంత మంచి జాతిదైనా మొదటి పాఠానికి పనికిరాదు. బుకింగ్ సెలవు మర్నాటికి కాకుండా వారం మధ్యలో పెట్టుకోండి. కుదరకపోతే, ముందు అరగంట గురువే ఎక్కి తిప్పి ఇమ్మని అడగండి.