అమెరికా ప్రయాణంలో సీటు వెడల్పు: అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో విమాన టికెట్లు బుక్ చేయడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవారిలో కూతురి పురిటికో, మనవడి అన్నప్రాశనకో బయల్దేరే పెద్దవాళ్లే ఎక్కువ. ధర గురించి, లగేజీ బరువు గురించి పదిసార్లు అడుగుతారు. పదిహేను గంటలు కూర్చోవలసిన సీటు గురించి మాత్రం ఒక్కసారి కూడా అడగరు. నన్ను బాధపెట్టేది ఇదే.

అపోహ: విమానం పెద్దదైతే సీటూ వెడల్పుగా ఉంటుంది.

వాస్తవం: మనల్ని గంటలో హైదరాబాద్‌లో దించే ఎయిర్‌బస్ 320లో ఎకానమీ సీటు సుమారు 18 అంగుళాలు. సముద్రాలు దాటే బోయింగ్ 787లో చాలావరకు 17 అంగుళాల పైచిలుకే. చూడవలసింది వరుసకు ఎన్ని సీట్లు బిగించారన్నది. బోయింగ్ 777లో ఒకప్పుడు చాలా సంస్థలు 9 వేసేవి, ఇప్పుడు ఎక్కువగా 10 వేస్తున్నాయి. విమానం గోడలు జరగలేదు కదా! పదో సీటుకు చోటివ్వడానికి మిగతా తొమ్మిదీ తలా ఒక అంగుళానికి పైగా వదులుకున్నాయి. అంగుళమే కదా అనకండి. ఆ కొలత రెండు ఆర్మ్‌రెస్టుల మధ్యది. మన భుజాలు అంతకంటే వెడల్పు. పక్కవారికి తగలకూడదని రాత్రంతా ఒళ్లు ముడుచుకుని కూర్చున్నవారికి ఆ అంగుళం విలువ తెలుస్తుంది.

అందుకే దంపతులకు ఒక్క అంచెలోనైనా ఎయిర్‌బస్ 330 దొరుకుతుందేమో వెతుకుతాను. సాధారణంగా అందులో 2-4-2 అమరిక, 18 అంగుళాల సీటు. కిటికీ వైపు ఇద్దరే కూర్చుంటారు, మూడో మనిషిని లేపే పని ఉండదు.

అపోహ: ఎగ్జిట్ వరుస (అత్యవసర ద్వారం పక్కన ఉండే సీట్ల వరుస) అందరికీ మంచిది.

వాస్తవం: కాళ్లకు చోటు నిజమే. కానీ చాలాచోట్ల భోజనం పెట్టుకునే ట్రే ఆర్మ్‌రెస్టులోనే ఉంటుంది, అందుకే ఆ ఆర్మ్‌రెస్టు పైకి లేవదు, నడుము దగ్గర ఇరుకవుతుంది. వీల్‌చెయిర్ అడిగినవారికి ఆ వరుస ఇవ్వరు.

అపోహ: ఇరుకు సీటు వల్లే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది.

వాస్తవం: ముఖ్య కారణం గంటల తరబడి కదలకపోవడం. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఈ ముప్పు సుమారు రెండింతలవుతుందని, అయినా దాదాపు 6,000 మందిలో ఒకరికే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. బస్సుకూ రైలుకూ ఇదే వర్తిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కిటికీ సీటు వద్దని, తరచూ లేచి నడవగలిగే నడవ పక్క సీటు తీసుకోమని నేను పట్టుబట్టేది అందుకే. అక్కడ బయటివైపు ఆర్మ్‌రెస్టు కింద, వెనక కీలు దగ్గర చాలా విమానాల్లో చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే ఆర్మ్‌రెస్టు పైకి లేస్తుంది, పక్కకు తిరిగి సులువుగా లేవవచ్చు. కనిపించకపోతే సిబ్బందిని అడగండి, మొహమాటపడకండి.