తేదీలే కాలమ్ పేర్లైతే

కోవిడ్ కాలంలో లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లకు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం రోజూ విడుదల చేసిన ఫైలు గుర్తుండే ఉంటుంది. వరుసకో దేశం. చైనా, ఆస్ట్రేలియా, కెనడాలకు రాష్ట్రాలవారీ వరుసలు. ఇండియా మొత్తానికి మాత్రం ఒకటే వరుస కాబట్టి మన రాష్ట్రాల లెక్కలు అందులో దొరకవు. మొదటి నాలుగు కాలమ్‌లు రాష్ట్రం, దేశం, అక్షాంశం, రేఖాంశం. ఆపైన 2020 జనవరి 22 నుంచి రోజుకో కాలమ్. 2023 మార్చిలో ఆపేసేనాటికి తేదీల కాలమ్‌లే 1,143 అయ్యాయి.

స్ప్రెడ్‌షీట్‌లో చూసుకోవడానికి బాగానే ఉంటుంది. డేటాబేస్‌కు మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టే. అప్పట్లో ఒరాకిల్ అనే డేటాబేస్ టేబుల్‌లో 1,000 కాలమ్‌లకు మించి పట్టేవి కావు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు టేబుల్‌లో 1,024. ఈ ఫైలును ఉన్నదున్నట్టు పెట్టుకుని ఉంటే 2022 అక్టోబరులో ఒరాకిల్, నవంబరులో ఎస్‌క్యూఎల్ సర్వర్ చేతులెత్తేసేవి.

అసలు ఇబ్బంది చోటుది కాదు. ‘ఇండియాలో కేసులు లక్ష దాటింది ఏ రోజు?’ అని అడగాలనుకోండి. డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో వరుసలను వడగట్టే వేర్ (WHERE) షరతు చూసేది గడిలో ఉన్న విలువను. మనకు కావలసిన తేదీ గడిలో లేదు, పైన శీర్షికలో కూర్చుంది. 1970లో ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను (డేటాను టేబుళ్లుగా అమర్చే పద్ధతిని) ప్రతిపాదించినప్పటి నుంచీ ఏర్పాటు ఇదే: కాలమ్‌లు ముందే ఖాయమై ఉంటాయి, కొత్త సమాచారం వరుసలుగా చేరుతుంది.

కాబట్టి శీర్షికను కిందికి దించి విలువగా మార్చాలి. దీన్నే అన్‌పివట్ అంటారు. అది పూర్తయ్యాక ఇండియా వరుస దేశం, తేదీ, కేసులు అనే మూడు కాలమ్‌లలోకి ఇలా విడిపోతుంది:

ఇండియా – 2020 జనవరి 29 – 0
ఇండియా – 2020 జనవరి 30 – 1
ఇండియా – 2020 ఫిబ్రవరి 2 – 2
ఇండియా – 2020 ఫిబ్రవరి 3 – 3

(మధ్య రోజులు వదిలేశాను. ఆ మూడు కేసులూ కేరళవి.) ఇవి అప్పటిదాకా తేలిన మొత్తాలు. రోజుకెన్ని కొత్తవో కావాలంటే పై వరుస విలువను తెచ్చిపెట్టే ల్యాగ్ (LAG) ఫంక్షన్‌తో దాన్ని తీసేస్తే సరి. పాత రూపంలోనైతే 1,142 తీసివేతలు విడివిడిగా రాయాలి.

అన్‌పివట్ చేయడానికి అన్ని డేటాబేస్‌లలోనూ పనిచేసే పద్ధతి యూనియన్ ఆల్ (UNION ALL): కాలమ్‌కో సెలెక్ట్ (డేటాను తెచ్చే ఆదేశం) రాసి, అన్నిటినీ కలిపేయడం. ఆల్ అనే మాట మరిచిపోతే ఒకేలా ఉన్న వరుసల కోసం డేటాబేస్ అంతా వెతుకుతుంది, దొరికితే చెప్పాపెట్టకుండా తీసేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 నుంచి, ఒరాకిల్‌లో 11జీ నుంచి అన్‌పివట్ అనే ఆపరేటరే ఉంది. అయితే అది ఖాళీ గడులను వదిలేస్తుంది. కేసులు లేకపోవడం వేరు, లెక్క అందకపోవడం వేరు. ఆ రెండోది మాయమైపోతుంది. ఒరాకిల్‌లో ఇన్‌క్లూడ్ నల్స్ (ఖాళీలనూ చేర్చు) అని చేర్చి దాన్ని ఆపవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆ వీలు లేదు, ప్రతి వరుసనూ విడివిడిగా విప్పే క్రాస్ అప్లై (CROSS APPLY) వాడుకోవాలి.

ఇన్ని కాలమ్‌లున్న ఫైలుకు నాకు నచ్చేది పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ దారి. అక్కడ 1,600 కాలమ్‌ల దాకా పడతాయి. వరుసను మొత్తంగా టు_జేసన్‌బీ (to_jsonb) ఫంక్షన్‌కు ఇచ్చి, పేరూ విలువల జాబితాగా (జేసన్ రూపంలో) వచ్చినదాన్ని జేసన్‌బీ_ఈచ్_టెక్స్ట్ (jsonb_each_text) ఫంక్షన్‌తో విడగొడితే ప్రతి కాలమ్ పేరూ, విలువా ఒక జంటగా బయటికొస్తాయి. ఏ ఒక్క తేదీనీ చేత్తో రాయక్కర్లేదు. రాష్ట్రం, దేశం వగైరా నాలుగు పేర్లనూ పక్కన పెట్టేస్తే మిగిలేవి తేదీలే.

ఆ తేదీలు ఇంకా అక్షరాలే, పైగా అమెరికా పద్ధతిలో నెల ముందు. నిజమైన తేదీలుగా మార్చేటప్పుడు ఆ పని చేసే టు_డేట్ (to_date) ఫంక్షన్‌లో ఆ వరుసక్రమాన్ని స్పష్టంగా చెప్పాలి. రోజు ముందు అనే సెట్టింగులో నేరుగా మారిస్తే 1/22/20 దగ్గర ఎర్రర్ వస్తుంది, 22వ నెల లేదు కాబట్టి. అది నయం. ఫిబ్రవరి 3 కావలసిన 2/3/20 మాత్రం నోరు మెదపకుండా మార్చి 2 అయిపోతుంది.