ఏడు పత్రాలు, ఒక పేరు

అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్ 1968 నాటి 90వ సంపుటంలో, 5518వ పుట నుంచి వరసగా ఏడు పరిశోధన పత్రాలు ఉంటాయి. ఏడింటికీ రచయిత ఒక్కరే, రిచర్డ్ హెక్. సహరచయితలు లేరు, శిష్యబృందం లేదు. అప్పటికి ఆయన విశ్వవిద్యాలయంలో కూడా లేరు. డెలవేర్‌లో హెర్క్యులిస్ అనే రసాయనాల కంపెనీ ప్రయోగశాలలో పనిచేసేవారు. పల్లాడియం లోహం సాయంతో రెండు కర్బన పరమాణువులను ఎలా జతచేయవచ్చో ఆ పత్రాల్లో చూపించారు.

ఇవాళ ఒక రసాయన శాస్త్రవేత్త ఎంతటివారని అడిగితే ముందుగా అంకెలు వినిపిస్తాయి. ఎన్ని పత్రాలు రాశారు, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారు, అంటే సైటేషన్లు ఎన్ని, హెచ్ ఇండెక్స్ ఎంత? హెచ్ ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరి పత్రాల్లో 40 పత్రాలకు తలా 40 సైటేషన్లకు తగ్గకుండా ఉంటే ఆ సూచిక 40. 41కి చేరాలంటే 41 పత్రాలకు తలా 41 ఉండాలి. ఈ లెక్కన హెక్ రాసిన ఆ ఏడు పత్రాలను లోకమంతా ఉదహరించినా, వాటి వల్ల సూచికకు చేరేది ఏడే. ఈ ఒక్క ఉదాహరణ చాలు, అంకెను చూసి మనిషిని తూచడం నాకు ఎందుకు మింగుడుపడదో చెప్పడానికి.

సైటేషన్లను లెక్కించే పని మొదలైనప్పుడు ఉద్దేశం వేరు. సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను 1964లో తెచ్చిన యూజీన్ గార్‌ఫీల్డ్ రసాయన శాస్త్రం చదువుకున్నవారే. ఒక పాత తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో న్యాయవాదులకు చూపే పట్టికలు అమెరికాలో అప్పటికే ఉన్నాయి. ఆ పద్ధతిని ఆయన శాస్త్ర సాహిత్యానికి తెచ్చారు. ఒక ఆలోచన ఎటు పోయిందో వెతికి పట్టుకోవడానికి అది గొప్ప సాధనం. మెచ్చుకుంటూ ఉదహరించినా, తప్పుపడుతూ ఉదహరించినా లెక్కలో ఒకటిగానే పడుతుందన్నది మాత్రం మరచిపోకూడదు.

కర్బనం నేరుగా లోహంతో బంధం కట్టిన పదార్థాల అధ్యయనమే కర్బన-లోహ రసాయన శాస్త్రం. ఈ రంగంలో ఘనమైన పనికి పట్టే గతి విచిత్రంగా ఉంటుంది. గ్రిన్యార్ చర్యనే చూడండి. గుండ్రటి గాజు కుప్పెలో మెగ్నీషియం తురుము, దాని మీద తేమ లేని ఈథర్. బ్రోమోబెంజీన్ కొద్దిగా కలిపితే చాలాసేపు ఏ చలనమూ ఉండదు. చిన్న అయొడిన్ పలుకు వేస్తే ద్రవం గోధుమరంగుకు తిరుగుతుంది. కాసేపటికి ఆ రంగు విరిగిపోతుంది, లోహపు అంచుల నుంచి సన్నటి బుడగలు లేస్తాయి, ద్రవం మసకబారుతుంది, కింద మంట లేకుండానే ఈథర్ మరగడం మొదలవుతుంది. మెగ్నీషియంతో జతకట్టిన కర్బనం మీద రుణావేశం పెరుగుతుంది కాబట్టి అది మరో కర్బనాన్ని వెతుక్కుంటూ వెళ్లి అతుక్కుంటుంది. విక్టర్ గ్రిన్యార్ దీన్ని ప్రకటించింది 1900లో. నోబెల్ వచ్చింది 1912లో. ఇప్పుడు ఆ ద్రావణాన్ని సీసాల్లో పోసి అమ్ముతున్నారు. వాడేవారిలో 1900 నాటి పత్రాన్ని ఉదహరించేవారు బహు అరుదు. పేరు చెబితే చాలు, అందరికీ తెలుసు. జ్ఞానం అందరి సొత్తయ్యాక మూలం కనుమరుగవుతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఎప్పుడో గుర్తించారు.

మూలం పూర్తిగా మరుగున పడకపోయినా మరొకటి దాని ముందుకు రావచ్చు. బోరాన్ సమ్మేళనాలతో కర్బనాలను కలిపే పద్ధతిని అకిరా సుజుకి, నోరియో మియౌరా 1979లో ప్రకటించారు. 1995లో వారే రాసిన సమీక్షా వ్యాసానికి ఆ తొలి పత్రాల కన్నా ఎక్కువ సైటేషన్లు వచ్చాయి. కనుగొన్న క్షణం కన్నా దాన్ని క్రోడీకరించి చెప్పిన వ్యాసం ఎక్కువ మందికి అక్కరకు వచ్చింది. అందులో అన్యాయమేమీ లేదు, కానీ అంకె దేన్ని కొలుస్తోందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మళ్లీ హెక్ దగ్గరికి వద్దాం. 1968 నాటి పద్ధతిలో విషపూరితమైన పాదరస సమ్మేళనాలు అవసరమయ్యేవి. 1971లో జపాన్‌లో త్సుతోము మిజొరోకి, 1972లో హెక్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పాదరసాన్ని తప్పించారు. పల్లాడియం పరమాణువు అయొడోబెంజీన్‌లో కర్బనానికీ అయొడిన్‌కూ మధ్య దూరుతుంది. జంట బంధమున్న మరో అణువు వచ్చి దానికి అతుక్కుంటుంది. రెండు కర్బనాలు కలిశాక పల్లాడియం ఒక హైడ్రోజన్‌ను వెంటబెట్టుకుని బయటపడుతుంది. ద్రావణంలోని క్షారం ఆ హైడ్రోజన్‌ను లాగేసుకోగానే లోహం తర్వాతి విడతకు సిద్ధం. అందుకే చిటికెడు పల్లాడియం చాలు. నాప్రోక్సెన్ అనే నొప్పి మందు తయారీలోనూ ఈ చర్యను వాడారు.

హెక్ 1989లో ఉద్యోగ విరమణ చేశారు. ఆయనకు 2010లో, 79 ఏళ్ల వయసులో, సుజుకి, ఐఇచి నెగిషిలతో కలిపి నోబెల్ బహుమతి ప్రకటించారు. విరమణ చేసి అప్పటికి 21 ఏళ్లు. ఆ 21 ఏళ్లలో ఎన్నో ప్రయోగశాలల్లో రసాయన సమీకరణంలోని చర్యాబాణం మీద ‘హెక్’ అని రాసి పని కానిచ్చుకున్నారు, చాలాసార్లు కింద ఏ పత్రం వివరాలూ ఇవ్వకుండానే.