సొంత రూటర్ పెడితే గేమ్‌లో ల్యాగ్ పోతుందా? ఇంటి ఫైబర్‌పై అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో నెట్‌వర్క్‌లు అమర్చడం నా పని. గేమ్స్ ఆడేవాళ్లు నన్ను పిలిచేసరికి చాలామంది ఇళ్లలో కొత్త రూటర్ అప్పటికే కొనేసి ఉంటారు. దాచుకున్న డబ్బుతో కొన్న పిల్లలూ ఉంటారు. రూటర్ మంచిదే, ల్యాగ్ మాత్రం అలాగే ఉంటుంది. అది చూస్తే నాకు బాధేస్తుంది. ఎందుకంటే చాలాసార్లు ఆ సమస్య ఒక కేబుల్‌తోనో, ఒక సెట్టింగ్‌తోనో తీరిపోయేదే.

గేమ్ ప్యాకెట్ (ఆట పంపే చిన్న డేటా మూట) వెళ్లే దారిలో మూడు అంచెలుంటాయి. మీ కంప్యూటర్ లేదా కన్సోల్ నుంచి రూటర్ దాకా ఒకటి. రూటర్ నుంచి ప్యాకెట్ ఫైబర్ లైను ఎక్కే చోటు రెండోది. అక్కడి నుంచి గేమ్ సర్వర్ దాకా మూడోది. సొంత రూటర్ మొదటి రెండు అంచెల్ని బాగుచేయగలదు. మూడోదాని మీద దానికి ఏ అధికారమూ లేదు. ఆలస్యం ఏ అంచెలో పుడుతోందో ముందు తెలుసుకోవాలి, కొనడం ఆ తర్వాత.

అపోహ: ప్లాన్ స్పీడ్ పెంచితే ల్యాగ్ పోతుంది

వాస్తవం: ఆట నడుస్తున్నప్పుడు వాడే డేటా చాలా తక్కువ. మీరు ఎటు కదిలారు, ఎక్కడ కాల్చారు అనే చిన్న చిన్న సమాచారమే అటూ ఇటూ తిరుగుతుంది. చాలా ఆటలకు 1 ఎంబీపీఎస్ కూడా పూర్తిగా ఖర్చవదు. ఎక్కువ స్పీడ్ పనికొచ్చేది గేమ్‌ని డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు. 100 జీబీ గేమ్ 100 ఎంబీపీఎస్ లైన్ మీద దిగాలంటే రెండుంపావు గంటలు పడుతుంది, 300 మీద ముప్పావు గంటలో అయిపోతుంది. దిగిన తర్వాత ఆటలో రెండు లైన్లకూ తేడా ఉండదు.

పింగ్ అంటే ప్యాకెట్ సర్వర్‌కు పోయి రావడానికి పట్టే సమయం. దాన్ని ముందుగా నిర్ణయించేది దూరం. ఫైబర్ గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. అంటే సర్వర్ దూరం ప్రతి 100 కిలోమీటర్లకూ, పోయి రావడానికి 1 మిల్లీసెకను. 3,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న సర్వర్‌కు 30 మిల్లీసెకన్ల కంటే తక్కువ పింగ్ ఏ ఫైబర్ మీదా రాదు. పైగా కేబుళ్లు తిన్నగా పోవు, మధ్యలో మలుపులు, స్విచ్‌లు ఉంటాయి కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దగానే ఉంటుంది. గేమ్ సెట్టింగ్స్‌లో దగ్గరి సర్వర్ రీజియన్ ఎంచుకున్నారో లేదో చూడండి. పైసా ఖర్చు లేని పని, అయినా చాలామంది చూడరు.

అపోహ: స్పీడ్ టెస్ట్ బాగా వచ్చింది, కాబట్టి లైన్‌లో లోపం లేదు

వాస్తవం: ఇంటి ఫైబర్ మీద నేను చూసే ల్యాగ్‌లో అత్యధికం ఇక్కడే దాక్కుని ఉంటుంది. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

స్పీడ్ టెస్ట్ మొదట చూపించే పింగ్, లైన్ ఖాళీగా ఉన్నప్పటిది. మీరు ఆడేటప్పుడు లైన్ ఖాళీగా ఉండదు. అమ్మ ఫోన్ ఫొటోల బ్యాకప్ మొదలుపెడుతుంది, అన్నయ్య ఆఫీసు ఫైల్ ఎక్కిస్తాడు. ఆ క్షణంలో రూటర్ దగ్గర ప్యాకెట్లు పోగుపడతాయి. ఒక్కటీ పోకూడదని రూటర్ వాటన్నిటినీ తన మెమరీలో దాచుకుంటుంది. మీ చిన్న గేమ్ ప్యాకెట్ ఆ వరుస చివర నిలబడాలి. ఇరుకు వంతెన దగ్గర లారీల వెనక ఇరుక్కున్న సైకిల్‌లా ఉంటుంది దాని పరిస్థితి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు.

లెక్క వేసి చూడండి. అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ ఉన్న లైన్ మీద 1 మెగాబైట్ డేటా వరుసలో ఉందనుకుందాం. అది 8 మెగాబిట్లు. ఖాళీ కావడానికి 0.2 సెకన్లు, అంటే 200 మిల్లీసెకన్లు. 20 ఉన్న పింగ్ ఒక్కసారిగా 220 అవుతుంది. బ్యాకప్ ఆగగానే మళ్లీ 20కి దిగుతుంది. కంపెనీ మనిషి వచ్చి టెస్ట్ చేసేసరికి అంతా బాగానే కనిపిస్తుంది, మీ మాట ఎవరూ నమ్మరు.

మీరే తేల్చుకోవచ్చు. కంప్యూటర్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలిపి, ఒక నమ్మకమైన సర్వర్‌కు పింగ్ ఆగకుండా నడపండి. అది నడుస్తుండగా పెద్ద ఫైల్ ఒకటి అప్‌లోడ్ చేయండి. తర్వాత డౌన్‌లోడ్ చేయండి. పింగ్ ఐదో పదో పెరిగితే పర్వాలేదు. వందల్లోకి పోతే జబ్బు దొరికినట్టే.

దీనికి మంచి మందు కూడా ఉంది. క్యాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ 2012లో కోడెల్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. ప్యాకెట్ వరుసలో ఎంతసేపు నిలబడింది అన్నదాన్ని బట్టి ఆ వరుసను అదుపులో ఉంచడం దాని సారం. దాని మీద వచ్చిన ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఆర్ఎఫ్‌సీ 8290గా వెలువడింది. తర్వాత కేక్ అనేది వచ్చింది. ఇవి ఒక్కో కనెక్షన్‌కు విడిగా వరుస పెడతాయి, కొంచెంకొంచెంగా వచ్చే చిన్న ప్యాకెట్లను ముందు పంపిస్తాయి. మీరు ఏ ఆట ఆడుతున్నారో వాటికి చెప్పాల్సిన పని కూడా లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఎస్‌క్యూఎం పేరుతో పెట్టుకోవచ్చు. కొన్ని రూటర్లలో వేరే పేర్లతో కనిపిస్తుంది. కొనేముందు వివరాల్లో ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ అనే పేర్లలో ఏదైనా ఉందేమో వెతకండి. నా దృష్టిలో గేమింగ్‌కు సొంత రూటర్ కొనడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు.

పెట్టేటప్పుడు, కేబుల్ మీద వేర్వేరు వేళల్లో వచ్చిన స్పీడ్ చూసి, అందులో సుమారు 90 శాతాన్ని పరిమితిగా ఇవ్వండి. డౌన్‌లోడ్‌కు వేరుగా, అప్‌లోడ్‌కు వేరుగా. ఆ పది శాతం వదులుకోవడానికి చాలామందికి మనసొప్పదు. కానీ పరిమితి లైన్ స్పీడ్ కంటే కాస్త తక్కువ ఉంటేనే వరుస మీ రూటర్ చేతిలో ఉంటుంది, లేకపోతే కంపెనీ పరికరంలో పేరుకుంటుంది. ఇంకో విషయం, ఈ పనికి రూటర్ ప్రాసెసర్ మీద భారం పడుతుంది. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (ప్యాకెట్లను ప్రాసెసర్‌తో పనిలేకుండా చిప్ నేరుగా పంపే సౌకర్యం) ఆపేయాల్సి రావచ్చు. గిగాబిట్ లైన్ మీద చిన్న రూటర్లు ఈ భారం మోయలేవు. అయితే గిగాబిట్ లైన్ పూర్తిగా నిండేదే తక్కువ, అక్కడ ఈ సమస్య కూడా తక్కువే.

అపోహ: కంపెనీ ఇచ్చిన బాక్స్ తీసేసి ఫైబర్‌ను నా రూటర్‌కే గుచ్చేయొచ్చు

వాస్తవం: మామూలు రూటర్‌లో ఫైబర్ పట్టే పోర్టే ఉండదు. కాంతిని ఈథర్‌నెట్ సిగ్నల్‌గా మార్చే పని కంపెనీ బాక్స్‌ది. దాన్ని ఓఎన్‌టీ లేదా ఓఎన్‌యూ అంటారు. దాని సీరియల్ నంబరు కంపెనీ వైపు నమోదై ఉంటుంది కాబట్టి వేరేది తెచ్చి తగిలిస్తే పలకదు. మనం మార్చగలిగేది అందులోని రూటర్ భాగాన్నే. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని కంపెనీని అడగాలి. అప్పుడది కాంతిని మార్చి ఇవ్వడం మాత్రమే చేస్తుంది, లాగిన్ అయ్యే బాధ్యత మీ రూటర్‌ది.

బ్రిడ్జ్ చేయించే ముందే మూడు వివరాలు రాసి పెట్టుకోండి: పీపీపీఓఈ (కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ ఐడీ (కంపెనీ తన నెట్‌వర్క్‌లో వాడే నంబరు). పాత బాక్స్ మ్యాక్ అడ్రస్‌కు (పరికరం గుర్తింపు నంబరు) మీ ఖాతాను ముడివేసే కంపెనీలూ ఉన్నాయి, అలాంటిచోట మ్యాక్ క్లోన్ చేయాలి, అంటే ఆ నంబరునే కొత్త రూటర్‌లో పెట్టాలి, లేదా వాళ్లతోనే మార్పించాలి. ల్యాండ్‌లైన్, టీవీ సర్వీసు అదే బాక్స్ మీదుగా వస్తుంటే అవి ఆగిపోతాయేమో ముందే అడగండి. రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోయాక ఈ ప్రయోగం మొదలుపెట్టొద్దు. ఏదైనా తేడా వస్తే సాయం చేసేవాళ్లు ఉండరు.

పసుపు రంగు సన్నని ఫైబర్ తీగను మడవకండి, లాగకండి, దాని కొనలోకి తొంగి చూడకండి. అందులోని కాంతి కంటికి కనిపించదు, కానీ కంటికి మంచిది కాదు. బాక్స్ మీద ఎల్‌ఓఎస్ లైట్ ఎర్రగా వెలిగితే కాంతి రావడం లేదని అర్థం, రూటర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ప్రయోజనం ఉండదు.

అపోహ: బ్రిడ్జ్ గొడవెందుకు, ఓఎన్‌టీ వెనక రూటర్ తగిలిస్తే నెట్ వస్తోంది కదా

వాస్తవం: వస్తుంది. వీడియోలు చూస్తారు, ఆటలూ చాలావరకు ఆడతారు. ఇబ్బంది ఎక్కడంటే, ఇప్పుడు రెండు పరికరాలూ న్యాట్ (లోపలి పరికరాలన్నిటినీ ఒకే బయటి అడ్రస్ మీద నడపడం) చేస్తున్నాయి. గేమ్ యూపీఎన్‌పీ ద్వారా పోర్టు తెరవమని అడిగితే లోపలి తలుపు తెరుచుకుంటుంది, బయటి తలుపు మూసే ఉంటుంది. న్యాట్ రకం ఎక్స్‌బాక్స్‌లో స్ట్రిక్ట్ అని, ప్లేస్టేషన్‌లో టైప్ 3 అని కనిపిస్తుంది. స్నేహితుడి లాబీలోకి పోలేకపోవడం, వాయిస్ చాట్ కలవకపోవడం ఇందువల్లే కావచ్చు. ఇక్కడ ఒక చిన్న సవరణ చేయాలి. డబుల్ న్యాట్ వల్ల పింగ్ పెరుగుతుందని అందరూ అంటారు. అది చేర్చే ఆలస్యం లెక్కలోకి రానంత తక్కువ. అసలు నష్టం కనెక్షన్ కుదరకపోవడంలో ఉంది.

బ్రిడ్జ్ ఇవ్వబోమని కంపెనీ మొండికేస్తే, ఓఎన్‌టీ సెట్టింగ్స్‌లో మీ రూటర్ ఐపీని డీఎంజెడ్‌లో (బయటి నుంచి వచ్చే కనెక్షన్లన్నిటినీ ఒకే పరికరానికి పంపే సెట్టింగ్) పెట్టండి, చాలావరకు అదే ఫలితం వస్తుంది. రెండు పరికరాలూ 192.168.1.1 మీదే కూర్చుని ఉంటే మీ రూటర్‌ను 192.168.50.1 లాంటి వేరే అడ్రస్‌కు మార్చండి. రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (న్యాట్ చేయకుండా వైఫై మాత్రం ఇచ్చే మోడ్) పెట్టినా డబుల్ న్యాట్ పోతుంది, కానీ పైన చెప్పిన ఎస్‌క్యూఎం ఆ మోడ్‌లో సాధారణంగా పనిచేయదు. ఏది ముఖ్యమో మీరే నిర్ణయించుకోండి.

ఇవన్నీ చేసినా న్యాట్ స్ట్రిక్ట్‌గానే ఉంటే రూటర్‌లో వ్యాన్ ఐపీ (కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు కంపెనీ న్యాట్ వెనక ఉన్నారు. ఈ అడ్రస్‌లను 2012లో ప్రత్యేకంగా ఈ కంపెనీ న్యాట్, అంటే సీజీన్యాట్ కోసమే కేటాయించారు. అప్పుడు మీ ఇంట్లో ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా లాభం లేదు. పబ్లిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే బయటి అడ్రస్) అడగాలి, లేదా కంపెనీ ఐపీవీ6 (కొత్త తరం అడ్రస్ పద్ధతి) ఇస్తుంటే దాన్ని రూటర్‌లో ఆన్ చేయాలి. ఐపీవీ6ను వాడుకునే ఆటల్లో ఈ చిక్కు తగ్గుతుంది.

అపోహ: ఖరీదైన వైఫై ఉంటే కేబుల్ అక్కర్లేదు

వాస్తవం: వైఫైలో ఒక చానల్ మీద ఉన్న పరికరాలన్నీ వంతులవారీగా మాట్లాడాలి. పక్కింటి రూటర్ కూడా ఆ వంతులో ఉంటుంది. ప్యాకెట్ చెడిపోతే మళ్లీ పంపాలి. సగటు పింగ్ బాగానే కనిపించి, మధ్యమధ్యలో 60, 80కి ఎగిరిపడడం దీని లక్షణం. ఆటలో మనల్ని చంపేది ఆ ఎగురుడే. రూటర్ అడ్రస్‌కే పింగ్ పెట్టి చూడండి. కేబుల్ మీద 1 మిల్లీసెకను లోపే ఉండాలి. వైఫై మీద ఎలా ఊగుతుందో చూస్తే నేను చెప్పనక్కర్లేదు.

క్యాట్5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్ మోస్తుంది. క్యాట్8 అని రాసిన కేబుల్ కొనడం వల్ల ఆటకు ఒరిగేదేమీ లేదు. కేబుల్ పెట్టాక లింక్ స్పీడ్ 1000కి బదులు 100 చూపిస్తే లోపల ఒక జత తెగిందనో, పోర్టే చిన్నదనో అనుకోవాలి.

కేబుల్ లాగడం కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వాడండి, రూటర్‌ను అదే గదిలోకి తేగలిగితే ఇంకా మంచిది. 52 నుంచి 144 దాకా ఉన్న చానళ్లు చాలా దేశాల్లో రాడార్లతో పంచుకున్నవి. రాడార్ జాడ తగిలితే రూటర్ ఆ చానల్ వదిలేయాల్సిందే, మ్యాచ్ మధ్యలో కనెక్షన్ తెగుతుంది. 36 నుంచి 48 మధ్య పెట్టుకుంటే ఆ బెడద ఉండదు. కంపెనీ బాక్స్‌లోని వైఫైని ఆపేయడం మరచిపోవద్దు. పక్కపక్కనే రెండు వైఫైలు ఒకదాని గొంతు ఒకటి నొక్కుకుంటాయి.

అపోహ: డీఎన్ఎస్ మారిస్తే, ఎంటీయూ తగ్గిస్తే పింగ్ తగ్గుతుంది

వాస్తవం: డీఎన్ఎస్ పని పేరును అడ్రస్‌గా మార్చి ఇవ్వడం. మ్యాచ్ మొదలయ్యాక దానికి పాత్ర లేదు. ఎంటీయూ అంటే ఒక ప్యాకెట్‌కు గరిష్ఠ పరిమాణం. అది పీపీపీఓఈ లైన్‌లో మామూలుగా 1492 బైట్లు ఉంటుంది, గేమ్ ప్యాకెట్లు దానికంటే చాలా చిన్నవి. రెండింటినీ వదిలేయండి.

అపోహ: కంప్యూటర్‌ను డీఎంజెడ్‌లో పెడితే గేమ్ దూసుకుపోతుంది

వాస్తవం: ఇది ప్రమాదకరం. రూటర్‌ను డీఎంజెడ్‌లో పెట్టడం వేరు, దానికి సొంత ఫైర్‌వాల్ ఉంటుంది. కంప్యూటర్‌ను పెడితే బయటివాళ్ల తాకిడి నేరుగా దాని మీద పడుతుంది. ఆటకు కావాల్సిన పోర్టులనే తెరవండి. ఎక్స్‌బాక్స్‌కైతే ముఖ్యంగా యూడీపీ 3074. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తుండండి.

అపోహ: యాంటెన్నాలు ఎక్కువుంటే, గేమింగ్ అని రాసుంటే మంచి రూటర్

వాస్తవం: రంగు లైట్లను, యాంటెన్నాల లెక్కను చూడకండి. గిగాబిట్ పోర్టులు, మీ లైన్ స్పీడ్ దగ్గర ఎస్‌క్యూఎం నడపగల ప్రాసెసర్, చాలాకాలం అప్‌డేట్లు ఇచ్చే తయారీదారు. ఇవి ఉంటే సాదా రూటరైనా చాలు.

అపోహ: రూటర్ బాగుంది, కేబుల్ బాగుంది, ఇంకా ల్యాగ్ ఉందంటే మన దగ్గరే ఏదో లోపం

వాస్తవం: అక్కడ మూడో అంచె మొదలవుతుంది. కొన్ని కంపెనీల దారి సాయంత్రం వేళల్లో కిక్కిరిసిపోతుంది, కొన్నిచోట్ల దగ్గరి సర్వర్‌కు కూడా చుట్టుతిరిగి పోతుంది. అలాంటప్పుడు వీపీఎన్ వేరే దారి పట్టించి పింగ్ తగ్గించే సందర్భాలు అరుదుగా ఉన్నాయి. ఉచిత ట్రయల్‌తో చూసుకోండి, ముందే ఏడాది చందా కట్టొద్దు.

కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు "ల్యాగ్ వస్తోంది" అని మాత్రమే చెబితే రీస్టార్ట్ చేయమంటారు. కేబుల్ మీద, ఇంట్లో ఇంకెవరూ నెట్ వాడనప్పుడు, రూటర్‌కు పెట్టిన పింగ్, గేమ్ సర్వర్ వైపు పెట్టిన ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏయే మజిలీల మీదుగా పోతోందో చూపించే పరీక్ష), ఈ రెండూ మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి తీసి పంపండి. ట్రేస్‌రూట్ మధ్యలో ఒక మజిలీ జవాబివ్వకపోతే కంగారుపడొద్దు. పింగ్‌కు జవాబివ్వడాన్ని చాలా పరికరాలు పట్టించుకోవు. ఒక మజిలీ దగ్గర మొదలైన నష్టం చివరి సర్వర్ దాకా కొనసాగితేనే అది నిజమైన నష్టం. ఆ మజిలీ ఏదో చూపించి, ఫిర్యాదును నెట్‌వర్క్ టీమ్‌కు పంపమని గట్టిగా అడగండి.