గొంతు సాధన: మనవాళ్ల నమ్మకాలు, నేను చూసినవి

కొత్తగా పిల్లల్ని సంగీతంలో చేర్పించే తల్లిదండ్రులు మొదట అడిగేది పాఠం గురించి కాదు. "గొంతుకు ఏం పెట్టమంటారండీ?" అని.

అపోహ: మిరియాలు, పటికబెల్లం, కరక్కాయతో గొంతు బాగుపడుతుంది.

మింగినదేదైనా అన్నవాహికలోకి పోతుంది. స్వరతంత్రులు ఉండేది గాలి గొట్టం పైన. అక్కడికి తేనె చుక్క పోయినా పొలమారి దగ్గుతాం. పటికబెల్లం చప్పరిస్తే నోరూరి హాయిగా ఉంటుంది, అంతే. తంత్రులకు తడి కావాలంటే రోజంతా కొంచెం కొంచెంగా నీళ్లు తాగాలి. కచేరీకి ఐదు నిమిషాల ముందు చెంబెడు తాగితే కడుపు బరువెక్కుతుంది, ఊపిరి అందదు.

అపోహ: గట్టిగా పాడితేనే పైస్థాయి పలుకుతుంది.

నాకు ఎక్కువ పని పెట్టేది ఇదే. శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే 'స' ఎత్తు, అంకె పెరిగేకొద్దీ పైకి పోతుంది. ఐదు శ్రుతిలో షడ్జమం, అంటే ఆ 'స', పట్టిన ఆడపిల్ల తంత్రులు సెకనుకు సుమారు 196 సార్లు కొట్టుకుంటాయి. పై షడ్జమానికి 392. అంత వేగంగా కదిలేవాటిని బిగబట్టి ఒత్తితే వాచిపోక ఏమవుతాయి?

అక్క ఆరు శ్రుతిలో పాడుతుందని తనూ ఆరే కావాలని పట్టుబట్టిన ఒకమ్మాయి ఉండేది. తార షడ్జమం, అంటే పై 'స', దగ్గర గడ్డం కింద బొటనవేలు పెట్టి చూసుకోమన్నాను. రాయిలా ఉందంది. శ్రుతి ఐదుకు దించి, గ్లాసులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి స్ట్రా ఇచ్చాను. స్ట్రాలోంచి 'ఊ' అంటూ సరళీ స్వరాలు, అంటే సంగీతంలో మొట్టమొదట నేర్పే స్వరాల వరుసలు, పాడాలి. బుడగలు ఒకే తీరుగా రావాలి, గొంతు బిగిస్తే అవి తడబడతాయి. స్ట్రాలో వెనక్కి తన్నే గాలి ఒత్తిడి వల్ల తంత్రులు మెత్తగా కలుస్తాయి. రోజుకు ఐదు నిమిషాలు, ఆ తర్వాతే అకారం, అంటే 'ఆ' అంటూ పాడటం. మొదటి వారం నవ్వుతూనే చేసింది. మూడో వారానికి గడ్డం కింద మెత్తబడింది.

అపోహ: సరళీ స్వరాలు చిన్నపిల్లలకే.

కృతులు పాడేవాళ్లను మూడో కాలంలో, అంటే నాలుగింతల వేగంలో, 'సరిగమ' అనమనండి. చాలామందికి రిషభం ('రి') పైకి జారిపోతుంది. సరళీ స్వరాలు నేర్పే రాగం మాయామాళవగౌళలో స-రి పక్కపక్కనే, రి-గ మధ్య పెద్ద దూరం, మళ్లీ గ-మ దగ్గర. పైన ప-ద-ని-సలోనూ అదే కొలత. చిన్న అడుగు, పెద్ద అంగ రెండూ గొంతుకు ఒకే వరుసలో అలవాటవుతాయి. నేను ఇప్పటికీ రోజూ వీటితోనే మొదలుపెడతాను.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేస్తేనే సాధన.

లేవగలిగితే లేవండి, ప్రశాంతంగా ఉంటుంది. అయితే లేవగానే తంత్రులు కాస్త ఉబ్బి, గొంతు కిందికి దిగి ఉంటుంది. మంద్రస్థాయికి, అంటే కింది స్వరాలకు, మంచిది. తారస్థాయి టిఫిన్ అయ్యాక చూసుకోవచ్చు.

మగపిల్లలకు గొంతు మారేటప్పుడు పాట మానేయాలంటారు. అక్కర్లేదు. శ్రుతి దించి, తక్కువసేపు, మెల్లగా పాడనివ్వాలి.

అపోహ: గొంతు పోతే గుసగుసగా మాట్లాడాలి.

గుసగుసలాడుతూ చాలామంది గొంతు ఇంకా బిగిస్తారు. నోరు మూసుకోవడమే మందు. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. ఒకసారి జలుబుతోనే పెళ్లి కచేరీ పాడేసి, వారం రోజులు పలక మీద రాసి మాట్లాడాను. నాలుగో రోజుకి మావారూ పలక మీదే జవాబులు రాయడం మొదలుపెట్టారు.