కొత్త లాప్‌టాప్‌లో పాత ఎక్స్‌పీ ఎందుకు ఎక్కలేదంటే

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవులు పెద్దోడికీ చిట్టితల్లికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ నాయనమ్మా క్షేమం. మీరు వెళ్ళిన దగ్గర్నుంచి ఇల్లు బోసిగా ఉంది. చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండానే మిమ్మల్ని పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కించేశాను. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా ఇద్దరూ కూర్చుని చదవండి.

పెద్దోడా, ముందు నీకు. మీ నాన్న లాప్‌టాప్‌ని నువ్వు పాడు చెయ్యలేదు. ఆ రాత్రి నల్లటి తెర మీద బూట్ డివైస్, అంటే మిషన్‌ని లేపే డిస్కు, దొరకలేదని రాగానే నీ మొహం పాలిపోయింది. నాయనమ్మ మాగాయ కలిపి పెట్టినా ముద్ద దిగలేదు. నేను సెట్టింగులు వెనక్కి మార్చి, విండోస్ లేచిందని చూపించాకే పడుకున్నావు. ఏం జరిగిందో తెలియకపోతే ఆ భయం అలాగే ఉండిపోతుంది, ఇంకోసారి మిషన్ మీద చెయ్యి వెయ్యడానికి జంకుతావు. అది నాకు ఇష్టం లేదు.

అసలు ఈ పని మొదలైందే నా కోసం. 2003లో మీ తాతమ్మ చేత పెళ్ళిపాటలూ మంగళహారతులూ పాడించుకుని, నేనే కంపోజ్ చేసి 64 పేజీల చిన్న పుస్తకం వేశాను. మీ అత్త పెళ్ళిలో అందరికీ పంచాం. ఇప్పుడు ఇంట్లో ఒక్క కాపీ మిగిలింది. అందులోనూ పిన్నులు ఊడి నడిమి 8 పేజీలు పోయాయి. తాతమ్మ లేదు. ఫైలు మాత్రం ఉంది, పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో చేసింది. మన డీటీపీ షాపు నాటి కంప్యూటర్ పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఫైలు తెరవడానికి షాపులో వాడిన పాత విండోస్ ఎక్స్‌పీ కావాలనుకున్నాం. “ఎక్స్‌పీ సీడీ ఉందిగా తాతయ్యా, లాప్‌టాప్‌లో డి డ్రైవ్ ఖాళీ చేసి వేసేద్దాం” అన్నావు. నేనూ సరేనన్నాను. కాబట్టి ఆ రోజు జరిగిన దాంట్లో నీకెంత వంతు ఉందో నాకూ అంతే ఉంది.

ఇప్పుడు విను. కరెంటు ఇవ్వగానే లేచేది విండోస్ అనుకుంటాం. దానికంటే ముందు బోర్డు మీద చిప్‌లో ఉండే చిన్న ప్రోగ్రాం లేస్తుంది. పాత మిషన్లలో దాన్ని బయోస్ అనేవాళ్ళం. అది డిస్కులో మొట్టమొదటి 512 బైట్లు చదివి, అక్కడ ఏముంటే దానికి పని అప్పగించేది. మన ఎక్స్‌పీకి తెలిసిన దారి అదొక్కటే. ఇప్పటి మిషన్లలో బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉంది. అది ఆ మొదటి 512 బైట్ల సెక్టారులో ఉన్నదానికి పని అప్పగించదు. డిస్కులో తన కోసం విడిగా ఉంచిన చిన్న పార్టిషన్‌లోకి వెళ్ళి, అక్కడున్న బూట్ ఫైలు తెరుస్తుంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి సెక్యూర్ బూట్ అని ఇంకో కాపలా కూడా పెట్టారు. బూట్ ఫైలు మీద చెల్లే డిజిటల్ సంతకం లేకపోతే గడప దాటనివ్వదు.

ఎక్స్‌పీ వచ్చింది 2001 అక్టోబరులో. దాని సీడీలో ఆ ఫైలూ లేదు, ఆ సంతకమూ లేదు. అందుకే మొదట ఎన్నిసార్లు పెట్టినా బూట్ మెనూలో సీడీ పేరే రాలేదు. నువ్వు సెక్యూర్ బూట్ ఆపేసి, పాత బయోస్‌లా నడిచే లెగసీ పద్ధతి ఆన్ చేశావు. మీ నాన్న లాప్‌టాప్ 2018 నాటిది కాబట్టి ఆ పాతదారి ఇంకా ఉంది. ఇప్పుడు కొనేవాటిలో చాలావాటికి అదీ ఉండదు.

సీడీ లేచింది, నువ్వు గంతులేశావు, తర్వాత నీలం తెర పడింది. దాని సంగతికి వస్తాను, ముందు నల్లతెర సంగతి చూద్దాం. సీడీ తీసేశాక కూడా మిషన్ లెగసీ పద్ధతిలోనే వెతుకుతోంది. మీ నాన్న విండోస్ 10 యూఈఎఫ్ఐ పద్ధతిలో వేసింది. డిస్కు మొదటి సెక్టారులో లేపడానికి ఏమీ లేదు కాబట్టి, బూట్ డివైస్ దొరకలేదంది. లోపల ఫొటోలూ ఫైళ్ళూ ఎక్కడివక్కడే ఉన్నాయి. లెగసీ ఆపి సెక్యూర్ బూట్ మళ్ళీ ఆన్ చేశాను, నిమిషంలో లేచింది. ఒక్క జాగ్రత్త మాత్రం గుర్తు పెట్టుకో. బిట్‌లాకర్ తాళం వేసి ఉన్న లాప్‌టాప్‌లో ఇలా కదిపితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ముందే రాసి పెట్టుకోకుండా ఆ సెట్టింగు ముట్టుకోకు.

ఇక నీలం తెర. చివర 7బి అని ఉన్న కోడ్ నువ్వు కాగితం మీద రాసుకున్నావు, మంచి పని చేశావు. ఆ కోడ్‌కి అర్థం, బూట్ అవ్వాల్సిన డిస్కు నాకు అందడం లేదని. మొదట్లో తెర అడుగున ఫైళ్ళు లోడవుతున్నట్టు గబగబా పేర్లు మారాయి చూడు, అంతవరకూ సీడీ చదవడానికి మిషన్‌లోని ఫర్మ్‌వేర్, అంటే బోర్డు మీది ఆ చిన్న ప్రోగ్రాం, సాయం చేసింది. ఆ తర్వాత ఎక్స్‌పీ తన కాళ్ళ మీద తను నిలబడాలి, తన డ్రైవర్లతోనే డిస్కును అందుకోవాలి. దాని దగ్గరున్నవి ఐడీఈ అనే పాతరకం డిస్కుల డ్రైవర్లు. వాటి తర్వాతి రకం సాటా డిస్కులు మార్కెట్లోకి వచ్చింది 2003లో, వాటితో మాట్లాడే ఏహెచ్‌సీఐ పద్ధతి 2004లో. పుట్టేనాటికి లేనిదాన్ని ఎక్స్‌పీ ఎలా గుర్తుపడుతుంది?

నాకిది వెంటనే అర్థం కావడానికి కారణముంది. పద్దెనిమిదో ఏట అరండల్‌పేటలో ఒక ప్రెస్సులో కంపోజింగ్ నేర్చుకున్నాను. సీసపు అక్షరాలుండే గళ్ళపెట్టెని కేసు అంటారు. కేసులో ఏ గడిలో ఏ అక్షరం ఉందో చూడక్కర్లేదు, కళ్ళు రాతప్రతి మీద ఉంటే చెయ్యి తనంతట తనే వెళ్ళేది. ఒకసారి పని ఒత్తిడి మీద విజయవాడ గవర్నర్‌పేటలో ఇంకో ప్రెస్సుకి రెండ్రోజులు పంపారు. అక్కడ గళ్ళు వేరే వరసలో సర్ది ఉన్నాయి. ‘త’ తియ్యబోతే ‘న’ చేతికొచ్చింది. పేజీ కట్టడం వచ్చినవాణ్ణే, ఒక్క లైను తిన్నగా కట్టలేకపోయాను. పక్క కంపోజిటరు గళ్ళ వరస ఒక అట్టముక్క మీద గీసిచ్చాడు, మధ్యాహ్నానికి చెయ్యి తిరిగింది. డ్రైవరంటే ఆ అట్టముక్క అనుకోండి.

ఆ అట్టముక్క ఎక్స్‌పీకి ఇవ్వొచ్చు. సెటప్ మొదట్లో అడుగున కొన్ని క్షణాలు, వేరే డ్రైవరుంటే ఎఫ్6 నొక్కమని వస్తుంది. నొక్కితే ఫ్లాపీ పెట్టమంటుంది, ‘ఏ’ అనే ఫ్లాపీ డ్రైవ్‌లోనే వెతుకుతుంది. మీరిద్దరూ ఫ్లాపీని కళ్ళతో చూసి ఉండరు. ఫ్లాపీ లేకుండా డ్రైవర్లను సీడీలోనే కలిపి కొత్త సీడీ కాల్చే ఉపాయం ఒకటుంది. 2008, 2010 లాప్‌టాప్‌లకి మేం అలాగే చేసేవాళ్ళం. కొన్నిట్లో బయోస్‌లోకి వెళ్ళి సాటాని ఐడీఈగా మారిస్తే సరిపోయేది. మీ నాన్నదాంట్లో ఆ మార్పే లేదు. డిస్కు దాటినా ముందు ఇంకా గోతులున్నాయి. వైఫైకి డ్రైవరు ఉండదు, డిస్‌ప్లేకి ఉండదు, యూఎస్‌బీ 3 పోర్టులకు ఉండదు. 8 జీబీ ర్యామ్ ఉన్నా 32 బిట్ ఎక్స్‌పీ 4 జీబీ కూడా పూర్తిగా వాడుకోలేదు.

మన అదృష్టం ఇంకోటి ఉంది. యూఈఎఫ్ఐ మిషన్ల డిస్కులు జీపీటీ అనే పట్టిక పద్ధతిలో పార్టిషన్ చేసి ఉంటాయి. 32 బిట్ ఎక్స్‌పీకి ఆ పట్టిక చదవడం రాదు. డిస్కు దొరికి ఉంటే, మనం ఖాళీ చేసిన డి డ్రైవ్ విడిగా కనిపించేది కాదు. ఏదో ఒకటిలే అని ఎంటర్ కొట్టి ఉంటే మీ నాన్న ఫైళ్ళన్నీ పోయేవి. ఆ నీలం తెరే కాపాడింది. ముందు బ్యాకప్ తియ్యమని నేను చెప్పి ఉండాల్సింది.

విండోస్ 7 అయితే ఎక్కేదేమో అని చిట్టితల్లి అడిగింది. అది 2009ది, యూఈఎఫ్ఐ సంగతి కొంత తెలుసు. అయితే యూఎస్‌బీ 3 డ్రైవరు దాని సెటప్‌లో లేదు. 2015 తర్వాతి ఇంటెల్ మిషన్లలో చాలావాటిలో పెన్‌డ్రైవ్ పెడితే సెటప్ లేస్తుంది, ఆ వెంటనే అదే పెన్‌డ్రైవ్ దానికి కనపడదు. సీడీ డ్రైవ్ డ్రైవరు లేదని మెసేజ్ ఇస్తుంది. సీడీ డ్రైవే లేని మిషన్‌లో ఆ మెసేజ్ చూసి నా మిత్రుడొకాయన రెండు రోజులు తల పట్టుకున్నాడు.

మీరెళ్ళాక నేను చేసిన పని ఇది. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఇక్కడే మర్చిపోయారు, మంచిదైంది. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో విండోస్ 10 అలాగే ఉంచి, వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాను. అది విండోస్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటిస్తుంది. ఆ నటించే కంప్యూటర్‌కి పాతకాలపు బయోస్ ఉంటుంది, ఐడీఈ డిస్కు ఉంటుంది, ఎక్స్‌పీ ఎరిగినవన్నీ ఉంటాయి. ముందు మన అసలు కంప్యూటర్ బయోస్‌లో, ఇలా నటించడానికి తోడ్పడే వర్చువలైజేషన్ అనే సెట్టింగు ఆన్ చేశాను. నటించే కంప్యూటర్‌కి 512 ఎంబీ ర్యామ్, 10 జీబీ డిస్కు ఇచ్చాను. ఆ డిస్కు నిజానికి మన హార్డ్ డిస్కులో ఒక ఫైలు మాత్రమే. సీడీ పెట్టాను. ఎఫ్6 నొక్కాల్సిన పని పడలేదు, ఆ 7బి నీలం తెర రాలేదు. అరగంటలో ఆకుపచ్చ కొండా నీలం ఆకాశం వాల్‌పేపర్ వచ్చింది. మీ నాయనమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, “ఇది మన షాపులోదే కదండీ!” అంది.

కీ నేను అప్పట్లో కొన్న సీడీ కవరు మీద ఉన్నదే. 30 రోజుల్లో యాక్టివేషన్ అడుగుతుంది, మన పని ఒక్క రోజుది. ఇంటర్నెట్ మాత్రం దానికి ఇవ్వలేదు, నెట్‌వర్క్ కార్డు ముందే తీసేశాను. మీరెప్పుడు చేసినా అలాగే చెయ్యండి. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. 2017 మేలో వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు, అంత పాతదానికి కూడా ప్రత్యేకంగా ఒక ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చిందంటే ప్రమాదం ఎంతటిదో చూడండి. బ్యాంకు పనులు చేసే మిషన్‌కి ఎక్స్‌పీ అసలు ఒప్పుకోను. తలుపులు మూసిన గదిలో పాత ఫైలు తెరవడానికి ఒప్పుకుంటాను.

ఫైలు తెరుచుకుంది. మొదటి పేజీలో తాతమ్మ పేరు, కింద నేను పెట్టిన మామిడాకుల తోరణం బార్డరు. పోయిన ఆ 8 పేజీలూ ఉన్నాయి. కాసేపు మౌస్ కదపలేదు నేను. తర్వాత పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రింటు ఫైలుగా తీసి, డిస్టిల్లర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పీడీఎఫ్ చేశాను. ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఇమిడిపోతాయి కాబట్టి మీ ఫోన్‌లో కూడా అలాగే కనిపిస్తుంది. ఈ ఉత్తరం అందేలోగా పంపిస్తాను.

ఇంకా సగం పని ఉంది. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లో ఇంగ్లీషు అక్షరాల చోట్లలోనే తెలుగు ముక్కలు కూర్చేవాళ్ళు. తలకట్టు ఒక చోట, వత్తు ఇంకో చోట, అచ్చం సీసపు అక్షరాల కేసులాగే. ఫాంటు తీసేస్తే కింద ఉన్న ఇంగ్లీషే బయటపడుతుంది. ఇప్పుడు ఫోన్లలో వాడే యూనికోడ్ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. ‘క్ష’ అంటే క, పొల్లు, ష అని మూడు సంఖ్యలు. ఏ ఫోన్‌లోనైనా అది ‘క్ష’గానే కనిపిస్తుంది, వెతికినా దొరుకుతుంది.

అను ఫాంట్ల తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో పెట్టి చూశాను. చాలావరకు తిన్నగా వచ్చింది, వత్తులు రెండేసి ఉన్నచోట తడబడుతోంది. ‘లక్ష్మి’లో మ వత్తు జారి పక్క అక్షరం కిందికి పోయింది. ‘స్త్రీ’ ప్రతిసారీ తప్పే. 64 పేజీలూ కూర్చుని ప్రూఫు చూడాల్సిందే.

దసరా సెలవులకి వస్తారుగా. చిట్టితల్లీ, నువ్వు తెర మీద చూసి పెద్దగా చదువు. ఆ పాటలన్నీ నాయనమ్మకి వరసలతో సహా వచ్చు, ఎక్కడ మాట తేడా పడినా ఇట్టే పట్టేస్తుంది. పెద్దోడా, కీబోర్డు దగ్గర నువ్వు. వచ్చేలోగా ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ మీద తెలుగు టైపింగ్ కాస్త సాధన చేసి రా. అలమరలో 2004 నాటి సీడీలు ఇంకో రెండున్నాయి, వాటి మీద నా చేతిరాత చెరిగిపోయింది. ఏముందో చూద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య