నర్సమ్మ గడప తొక్కితే రోగం ఊరికి తెలుస్తదా?

మొన్న బుధవారం టీకాలేస్తుంటే ఒకామె పక్కకు పిలిచి, "అక్కా, నువ్వు మా ఇంటికి రాకు. నీ బ్యాగు చూస్తే వాడకట్టంత అడుగుతది" అంది. నర్సంపేట వైపు పల్లెల్లో ఏఎన్‌ఎంగా, అంటే ఇల్లిల్లూ తిరిగే సర్కారు నర్సుగా, పనిచేసే నాకు ఇది కొత్త కాదు. కానీ విన్న ప్రతిసారీ గుండె గుబేల్మంటది.

అపోహ: నర్సమ్మ వస్తే రోగం బయటపడుతది.

వాస్తవం: మీరు ఒప్పుకోనిదే మీ రోగం సంగతి పక్కింటికి చెప్పే హక్కు మాకు లేదు. ఈ భయం టీబీలో ప్రాణం మీదికి తెస్తది. మామూలు టీబీకి ఆరు నెలల మందులు: రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. కొన్ని వారాలకే దగ్గు తగ్గి ఆకలి పుడుతది, ఇక చాలనుకుని ఆపేస్తరు. అట్ల ఆపితే రోగం తిరగబెడుతది, అప్పుడు అవే మందులకు లొంగకపోవచ్చు.

మిరపకాయ ఏరబోయే ఓ కొత్త కోడలు అత్తకు తెలియకుండా టీబీ గోలీలు వేసుకునేది. ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చిందట. రక్తమనుకుని తొమ్మిది రోజులు మానేసింది. ఎవర్నడగాలి? నన్ను ఇంటికి రావద్దని ఆమె కూడా అన్నదాయె. రిఫాంపిసిన్ అనే టీబీ మందుతో మూత్రం రంగు మారుతదని ముందే చెప్పకపోవడం నా తప్పు. అప్పటి నుంచి మొదటి గోలీ ఇచ్చేటప్పుడే ఆ మాట చెబుతున్న.

తర్వాత ఆ గల్లీలో అన్ని ఇండ్లకూ బీపీ చూడబోయిన. ఎవరి ఇంటికి ఎందుకొచ్చానో ఎవరికీ తెలియలేదు. మూడోసారి అత్తే చాయ్ పోసి, "బిడ్డా, కోడలు బక్కగైతున్నది, జర చూడు" అంది. కోడలు తలూపింది, అప్పుడే ముగ్గురం కూర్చున్నం. ఇంట్లోవాళ్లకూ పరీక్షలు చేయాలని చెప్పిన. ఆ రోజు నుంచి డబ్బా అత్త చేతిలోనే ఉంది. ఆరు నెలలు పూర్తయినయి.

ఐరన్ గోలీలతో బిడ్డ నల్లగా పుడతడన్నది ఒట్టి పుకారు, అట్ల చెప్పుడు ఇకనైనా ఆపండి. పసిపిల్లలకు ఐదు రోగాలు రాకుండా వేసే పెంటావాలెంట్ టీకా వేసినంక జ్వరం రావడం మామూలే. తల్లి భయపడితే తిట్టకుండ్రి, మాకు ఫోన్ చేయమనుండ్రి. ఇక "టార్గెట్ కోసమే తిరుగుతరు" అంటరా? లెక్కలు మాకున్నయి, నిజమే. కానీ మూడోసారి అదే ఇంటికి పోయేది లెక్క కోసం కాదు.

రెండు వారాలు దాటి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించుకోండి. ఇంటికి రావద్దంటే రాను. అంగన్‌వాడీ దగ్గరనా, చేను గట్టుమీదనా, ఎక్కడ కలవాల్నో మీరే చెప్పండి.